నూట ఒకటి దాటితేనే సెలవు

మా మేనేజర్‌కి మేం పెట్టుకున్న పేరు సూది సార్. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి మురిసిపోతాడు కూడా, అదేదో బిరుదు ఇచ్చినట్టు.

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. నేను కాలర్ మిషన్ మీద కూర్చుంటాను. మా దగ్గర సూది విరిగితే కొత్త సూది ఊరికే ఇవ్వరు. విరిగిన ముక్కలన్నీ ఏరి తెచ్చి, ఒక లావుపాటి పుస్తకంలో టేపుతో అతికించి, పక్కన సంతకం పెట్టాలి. అప్పుడే కొత్తది చేతికి వస్తుంది. మొన ఒక్కటి దొరక్కపోయినా మిషన్లన్నీ ఆపి, అయస్కాంతం పట్టుకుని నేలంతా వెతకాలి. ఆ ముక్క ఏ చొక్కాలోనో ఉండిపోయి, కొనుక్కున్నవాడి మెడలో గుచ్చుకుంటే ఎలా? బాగానే ఉంది, నేను కాదనను. కానీ ఈ మహానుభావుడు సూదులతో ఆగలేదు. ఆ రూలే తెచ్చి మా పిల్లల జ్వరాలకి తగిలించాడు.

"సూది విరిగితే ముక్క చూపిస్తున్నారు. మరి పిల్లకి జ్వరమంటే ఏం చూపిస్తున్నారు? ఏమీ లేదు, ఉత్త నోటిమాట," అన్నాడు ఒకరోజు మీటింగులో. మేమంతా నవ్వాం. జోకు వేశాడనుకున్నాం, మా తెలివి అలా తెల్లారింది.

అంతకు నెల ముందే కంపెనీవాళ్ళు పిల్లలున్న ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి తలా ఒక థర్మామీటరు పంచారు. తల్లుల సంక్షేమమట. ఫొటోలు తీశారు, మా చేత మాకే చప్పట్లు కొట్టించారు. చంకలో పెడితే నిమిషంలో కూత పెట్టి అంకె చూపించే రకం. ఎంత మంచివాళ్ళో అనుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాం. ఆ తర్వాత తెలిసింది అది దేనికో. పిల్లకి జ్వరం వస్తే, పిల్ల మొహమూ అంకే ఒకే ఫొటోలో పడేలా తీసి, పొద్దున ఏడు లోపు లైన్ మేడమ్ ఫోనుకి పంపాలి. నూట ఒకటి దాటితే సెలవు. వంద పాయింటు తొమ్మిది ఉంటే పనికి రావాలి. వాంతులకి అంకె లేదు, చెవిపోటుకి అంకె లేదు. అంకె లేని రోగం మా ఫ్యాక్టరీలో రోగమే కాదు.

లైన్ మేడమ్ అంటే మా సూపర్‌వైజర్. ఆవిడకీ ఇద్దరు పిల్లలు. అయినా "రూల్ రూలేనమ్మా, నన్నేం చెయ్యమంటావ్" అంటుంది, నిమ్మకు నీరెత్తినట్టు.

మా పిచ్చుక సంగతి చెప్పాలి. పిచ్చుక మా అమ్మాయి. అసలు పేరు స్కూలు రిజిస్టర్‌లో ఉంది కానీ, లేచిన దగ్గర్నుంచి నోరు మూయదు కాబట్టి ఇంట్లో అందరికీ పిచ్చుకే. ఐదు నిండి ఆరో ఏడు నడుస్తోంది. గాలి మారితే చాలు, ఒళ్ళు వెచ్చబడుతుంది దానికి. మొదటిసారి చెవిపోటుతో రాత్రంతా ఏడిస్తే నేను పనికి వెళ్ళలేదు. అంకె లేదు కాబట్టి చెప్పకుండా మానేసినట్టు రాసుకున్నారు. రెండోసారి జ్వరం. వంద పాయింటు నాలుగు దగ్గర ఆగి, ఎన్నిసార్లు పెట్టినా కదలనంటుంది. పిల్ల చూస్తే తోటకూర కాడలా వేలాడిపోతోంది.

దానికి మందు మా బొత్తాలక్క ఎప్పుడో చెప్పింది. బొత్తాలు కుట్టే మిషన్ మీద ఉంటుంది ఆవిడ, నాకన్నా పదేళ్ళు పెద్ద. "ఓసి పిచ్చిదానా, టీ గ్లాసుకి ఆనించవే. అదే ఎక్కుతుంది. కానీ ఎక్కువసేపు పెట్టకు, నూట ఎనిమిది చూపిస్తే నీ కూతుర్ని కాటికి పంపాల్సొస్తుంది," అని నవ్వింది. లైన్‌లో తల్లులందరం చేస్తున్న పనే అది. నేనూ చేశాను. నూట ఒకటి పాయింటు ఆరు. మళ్ళీ చంకలో పెట్టి ఫొటో తీశాను, సెలవు వచ్చింది.

నేను చేసిన తప్పల్లా అది పిల్ల ఎదురుగా చెయ్యడం. అంత నీరసంలోనూ కళ్ళింత చేసుకుని చూసింది. "అమ్మా, దానికి కూడా జ్వరం తెప్పించావా?" అంది. నాకు నవ్వాగలేదు. "ఎవరికీ చెప్పకే," అన్నాను. ఇద్దరం రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాం. అంత హాయిగా గడిచిన రోజు ఈ మధ్య ఇంకోటి లేదు నాకు.

ఆ వారమే చేతిలో లెటర్ పెట్టారు. వాళ్ళిచ్చిన సెలవు కూడా కలిపి మూడు నెలల్లో రెండుసార్లు మానేశానట, మూడోసారి మానేస్తే కారణం ఏదైనా సరే పనిలోంచి తీసేస్తారు. "అంకె చూపించినా తీసేస్తారా?" అని లైన్ మేడమ్‌ని అడిగాను. "చూపించినా సరే. సార్ నీ మీద కన్నేసి ఉంచాడు, జాగ్రత్త," అంది.

మా ఆయన సిటీ బస్సు డ్రైవర్. పర్మనెంటు కాదు, ఏడాదికోసారి కాగితం తిరగరాస్తారు. ఆయన కూడా ఒకసారి పిల్ల కోసం సెలవడిగాడు పాపం. వాళ్ళ డిపో మేనేజర్ అడిగిన మాట ఇదీ: "ఇంట్లో ఆడవాళ్ళు లేరా?" "ఉంది సార్, ఆవిడా పనికి వెళ్తుంది." "మరింకేం, ఆవిణ్ణే ఉండమను." ఈ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరి జీతం అద్దెకీ, ఇంకొకరిది తిండికీ స్కూలుకీ సరిపోతున్న కొంప మాది. ఏ ఒక్కటి పోయినా రోడ్డున పడతాం.

"నవ్వుతారేంటండీ? మీకేం, మీరు స్టీరింగ్ పట్టుకుని పోతారు. ఇంకొక్కసారి దీనికి జ్వరమొస్తే నా పని ఊడినట్టే, రాసి పెట్టుకోండి!" అని అరిచాను.

ఉన్నదే ఒక గది, ఒక వంటిల్లు. పిల్ల మంచం మీద కూర్చుని సాక్సులు తొడుక్కుంటోంది. తలెత్తి చూడలేదు, ఒక్క ముక్క మాట్లాడలేదు. పిచ్చుక నోరు మూసుకుందంటే నాకు అనుమానం రావద్దూ? రాలేదు. నా కోపం నాది.

పదిహేను రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక బుధవారం. ఆయన ఆరింటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను డబ్బాలు సర్దుతున్నాను. పిల్ల లేచి గోడవైపు తిరిగి కూర్చుంది. జడ వేద్దామని మెడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది.

"ఏమే, ఒళ్ళు వెచ్చగా ఉందేం?"

"దుప్పటి కప్పుకున్నాగా అందుకే. ఉండు, నేనే చూసుకుంటా," అని థర్మామీటరు తీసుకుని మళ్ళీ గోడవైపు తిరిగింది. నేను పొయ్యి దగ్గరకి పరుగెత్తాను. అది కూత పెట్టింది. పిల్ల తెచ్చి చూపించింది. తొంభై ఎనిమిది పాయింటు రెండు.

అమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ప్రాణం లేచొచ్చింది. దాని నుదురు మళ్ళీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే తెలుస్తుందని నాలో ఎవరికో తెలుసు. కడుపున పుట్టినదాని ఒంటి వేడి నా అరచేతికి తెలియదా? తెలిసింది. కానీ ఆ పొద్దున నాకు కావలసింది అంకె, అది దొరికింది. జడ వేసి, బ్యాగు తగిలించి, స్కూలు గేటు దగ్గర దింపి, పనికి పరుగెత్తాను.

మా ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని పెట్టెలో పెడతారు. ఎంత కొంప మునిగినా ఆఫీసు నంబరుకే చెయ్యాలి, ఆఫీసువాళ్ళు చీటీ రాసి మేనేజర్‌కి ఇస్తారు, మేనేజర్ మాకు చెప్తాడు. ఆ రోజు మధ్యాహ్నంలోగా ఒక ఆర్డర్ పంపాలి. కాలర్ ఆగితే నా వెనకాల ఇరవై మిషన్లు ఆగుతాయి. బాత్రూముకి కూడా లేవకుండా కుట్టాను. సూది సార్ రెండుసార్లు నా పక్కనే వచ్చి నిలబడ్డాడు, కాలర్లు లెక్క చూసుకుని వెళ్ళాడు.

పన్నెండున్నరకి లంచ్ బెల్ కొట్టారు. నేను డబ్బా తీస్తుంటే అప్పుడొచ్చాడు.

"ఏమ్మా, మీ పాప స్కూలు నుంచి ఫోనొచ్చింది. ఒంట్లో బాగాలేదట. ఒకసారి మాట్లాడుకో."

"ఎప్పుడొచ్చింది సార్?"

"ఇందాక."

చీటీ ఆయన జేబులోంచి పైకి కనిపిస్తోంది. చటుక్కున లాగేశాను. ఆఫీసు అమ్మాయి చేతిరాత, పైన టైము కూడా వేసింది. పది గంటల పది నిమిషాలు.

"రెండు గంటల పైనయింది సార్!"

"లైన్ ఆపమంటావా? లంచ్‌లో ఎలాగూ చెప్దామనుకున్నా. చిన్న జ్వరమేగా, ఏం కొంప మునిగింది?"

నేనేమన్నానో నాకు గుర్తులేదు. బొత్తాలక్క చెప్పింది తర్వాత, బండబూతులు తిట్టానట. బయటికి వెళ్ళాలంటే ఆయన సంతకం పెట్టిన గేటు పాసు ఉండాలి. అదేం లేకుండానే పరుగెత్తాను. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన నా మొహం చూసి, అడక్కుండానే తలుపు తీసి ఫోను చేతిలో పెట్టాడు. స్కూలు నుంచి పదకొండు సార్లు చేశారు. ఆఖర్న ఒక మెసేజ్, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్తున్నామని.

ఆసుపత్రి మెట్ల మీద దాని టీచరమ్మ ఎదురొచ్చింది. పొద్దున్నే పిల్ల బెంచీ మీద తల వాల్చేసిందట. ఒళ్ళు కాలిపోతుంటే పదింటికి ఫోన్ చేయించారు. తడిగుడ్డ వేస్తూ నా కోసం చూశారు. పదకొండున్నరకి పిల్ల కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. "మీరు అప్పుడే వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదండీ," అంది. తిట్టినట్టు కాదు, ఏడుస్తూ అంది.

డాక్టరమ్మ లోపలికి పిలిచి అడిగింది. "పొద్దున జ్వరం చూశారా?"

"చూశానండీ. తొంభై ఎనిమిది."

"ఇక్కడికి తెచ్చేసరికి నూట నాలుగు. కాసేపట్లో అంత ఎలా పెరిగిందమ్మా?" అంది. ప్రాణానికి భయం లేదు, కానీ ఫిట్స్ మళ్ళీ రావచ్చు, రెండు మూడు రోజులు ఉంచాలంది.

మా ఆయన బస్సు ఎవరికో అప్పగించి సాయంత్రానికి వచ్చి పడ్డాడు. రాగానే, "చెయ్యి పెట్టి చూడలేదా నువ్వు?" అన్నాడు.

"మీకు లేదా చెయ్యి? పొద్దున దాని పక్కలోంచేగా లేచి వెళ్ళారు!" అన్నాను. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. ఇద్దరం మంచానికి చెరో పక్కన కూర్చున్నాం.

ఏడింటికి కాబోలు పిచ్చుక కళ్ళు తెరిచింది. చేతికి సూది, దాని మీద ప్లాస్టరు. నన్ను చూసింది, తర్వాత వాళ్ళ నాన్నని చూసింది. నొప్పి అనలేదు, దాహం అనలేదు.

"అమ్మా, నీ పని ఉందా?" అంది.

"దాని సంగతెందుకు నీకిప్పుడు? పడుకో తల్లీ."

దగ్గరికి రమ్మని వేలు ఆడించింది. చెవి దాని నోటి దగ్గర పెట్టాను. "నేను చంకలో పెట్టుకోలేదు. గౌను రెండు మడతలు వేసి దాని మీద పెట్టుకున్నా. అప్పుడు తక్కువొస్తుంది. నువ్వు ఎక్కువ తెప్పించావుగా, నేను తక్కువ తెప్పించా," అంది. "మొన్న ఒకసారి చేసి చూశా కూడా. ఎవరికీ చెప్పకే."

ఈ ముక్క వినడానికేనా నేను బతికున్నది అనిపించింది. మంచం ఊచ పట్టుకుని అలాగే కింద కూలబడ్డాను. ఏమైందని ఆయన భుజం పట్టుకుని కుదిపేశాడు. చెప్పాను. ఆయన లేచి వరండాలోకి వెళ్ళి, గోడకి మొహం ఆనించి ఏడ్చాడు. పదేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం అదొక్కసారే చూశాను.

నాలుగో రోజు పిల్లని ఇంటికి తెచ్చాం. సోమవారం ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఏం మాట్లాడాలో దారి పొడుగునా కట్టుకుంటూ వెళ్ళాను. నీ ఉద్యోగం నీ మొహాన కొడతాను, నీ చీటీ సంగతి ఊరంతా చెప్తాను, నువ్వూ ఒక మనిషివేనా? ఇలా చాలా ఉన్నాయి. ఒక్కటీ వాడుకోలేకపోయాను.

సూది సార్ కుర్చీ చూపించాడు. పక్కన లైన్ మేడమ్ నేల చూపులు చూస్తూ నిలబడింది.

"పాప ఎలా ఉంది?" అని అడిగాడు. అడిగాడండీ, ఎంత దయో!

"బతికే ఉంది సార్."

"మంచిది. చూడమ్మా, రూలు ప్రకారం నువ్వు పాసు లేకుండా వెళ్ళావు. ఆ తర్వాత మూడు రోజులు రాలేదు. నన్ను నానా మాటలూ అన్నావు. ఇది మూడోసారి. తీసెయ్యాలి. కానీ నీ చెయ్యి మంచి చెయ్యి, కాలర్ నీలా ఎవరూ కుట్టలేరు. అందుకని ఒక దారి చూశా." కాగితం నా ముందుకి జరిపాడు. "చదువుకుని సంతకం పెట్టు. రేపట్నుంచి మామూలుగా రా."

చదివాను. రెండే వాక్యాలు. పది గంటల పదిహేను నిమిషాలకి మేనేజర్ గారు నాకు స్కూలు కబురు చెప్పి వెళ్ళమన్నారు. పని పూర్తి చేసుకునే వెళ్తానని నా ఇష్టపూర్వకంగా నేనే లంచ్ దాకా ఉండిపోయాను.

"ఇది అబద్ధం సార్."

"వచ్చే వారం చొక్కాలు కొనే కంపెనీవాళ్ళు తనిఖీకి వస్తున్నారు. ఆ స్కూలువాళ్ళు ఎక్కడో ఏదో వాగారట. నాకొక కాగితం ఉండాలి కదమ్మా," అన్నాడు. దాచుకోలేదు కూడా. నా ముందు దాచుకోవలసిన అవసరం ఏముంది ఆయనకి?

"పెట్టకపోతే?"

"నీ ఇష్టం. బలవంతం లేదు."

లైన్ మేడమ్ వైపు చూశాను. "పెట్టెయ్యమ్మా," అంది నెమ్మదిగా. "పిల్ల దక్కింది కదా."

కాగితం చింపి వాడి మొహాన కొట్టాలని చేతులు లేచాయి. అది నా చేతిలో పనే. ఒక్క క్షణం చాలు. కానీ చింపితే పని పోతుంది. ఏ పని? నా కూతురు నూట నాలుగు జ్వరంతో బెంచీ మీద కూర్చుని కాపాడిన పని. ఇంటికెళ్ళి, నువ్వు పడిందంతా వృథా పోయింది తల్లీ, పౌరుషం వచ్చి వదిలేసి వచ్చానని దానికి చెప్పనా? ఇంకో మాట కూడా ఉంది, అదీ కక్కేస్తాను. ఆ కాగితంలో ఉన్నది పూర్తిగా అబద్ధం అనిపించలేదు నాకు. పది గంటలకి కాదు కానీ, ఏడింటికే నా చేతికి కబురు అందింది. పని కోసం నా ఇష్టపూర్వకంగానే ఊరుకున్నాను.

సంతకం పెట్టాను. ఆయన కాగితం రెండు వైపులా తిప్పి చూసుకుని, ఫైల్లో పెట్టి, "వెళ్ళి విశ్రాంతి తీసుకో. రేపు ఎనిమిదికి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పిచ్చుక మంచం మీద వాళ్ళ నాన్నకి ఆనుకుని కూర్చుని ఉంది. చిక్కి సగమైంది, కళ్ళు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి. నేను చెప్పులు విప్పకముందే అడిగింది.

"నీ పని ఉందా?"

"ఉంది," అన్నాను.

"చూశావా నాన్నా, ఉందట!" అని చప్పట్లు కొట్టింది. ఆపకుండా వాగడం మొదలుపెట్టింది మళ్ళీ. ఇన్నాళ్ళూ ఆ వాగుడు కోసమే మొహం వాచిపోయి ఉన్నాం. తీరా విని సంతోషించే యోగం లేదు మాకు. అది అంటున్నది ఇదీ: "నేను తల వాల్చేశా అమ్మా, అందుకే టీచర్‌కి తెలిసిపోయింది. ఈసారి నిద్రొచ్చినా సరే నిటారుగా కూర్చుంటా. పాటలు కూడా పాడతా. అప్పుడు ఫోన్ చెయ్యదుగా."

దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. "వద్దు తల్లీ, అలా ఎప్పుడూ చెయ్యకు. ఒంట్లో బాగాలేకపోతే ముందు నాకు చెప్పాలి. ఏమైనా సరే చెప్పాలి. చెప్తానని ఒట్టు పెట్టు."

అది ఒట్టు పెట్టలేదు. నా మొహంలోకి చూసి, "చెప్తే నువ్వు ఇంట్లో ఉండిపోతావుగా. మరి నీ పని?" అంది.

నేను ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకుని పిల్ల పాదాలు రాస్తున్నాడు. అది ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, జవాబు కోసం ఓపిగ్గా కూర్చుంది.